పాపాయమ్మ పన్నెండు రోజులు

మా ఆవిడ హారతి బొమ్మలు నేర్చుకున్నది కాగితం మీద కాదు, రేకుల మీద. కడియంలో మా మామగారు చంద్రరావుగారికి నాలుగెకరాల నర్సరీ ఉంది. మొక్కలు కొనడానికి వచ్చేవాళ్ళు పూత రోజులు చూసుకుని రారు. ఉత్త ఆకులు చూపించి "దీనికి ముద్ద పువ్వు పూస్తుందండి" అంటే తలాడిస్తారు గానీ కొనరు. అందుకని ప్రతి మడి ముందూ ఒక రేకు బోర్డు పాతి, దాని మీద ఆ మొక్క పువ్వో కాయో రంగుల్లో వేయించేవారు. 1989లో ఎన్నికలొచ్చి, బోర్డులు వేసే పెయింటరు పార్టీ గోడల్లో పడి రాకుండాపోయాడు. అప్పుడే ఇంటర్ తప్పి ఇంట్లో కూర్చున్న కూతురి చేతికి కుంచె ఇచ్చారు మామగారు.

హారతి వేసిన పువ్వులు అసలు పువ్వులకంటే చాలా పెద్దవి. నాగపూర్ నుంచి ఏటా వచ్చే వ్యాపారి ఒకాయన, బోర్డు మీద పువ్వు భోజనం పళ్ళెమంత ఉందనీ, వాళ్ళ ఊళ్ళో పూసింది మాత్రం పెరుగ్గిన్నెంత కూడా లేదనీ తగువుకొచ్చాడు.

"మా అమ్మాయిది పెద్ద చెయ్యండి," అన్నారు మామగారు. "ఏం పెట్టినా నిండుగా పెడుతుంది."

ఆయన ఆ ఏడు కూడా రెండు లారీల మొక్కలు ఎక్కించుకునే వెళ్ళాడు.

నేను కడియం పోస్టాఫీసులో గుమాస్తాని. నా పేరు గణేష్‌బాబు. 1993లో పెళ్ళిచూపులకి వెళ్తే, అమ్మాయిని ఏమైనా అడగమన్నారు. నాకేమీ తోచలేదు. హారతే నన్ను అడిగింది. "మీరు అక్షరాలు గుండ్రంగా రాస్తారా, సాగదీసి రాస్తారా?"

గుండ్రంగానే రాస్తానని చెప్పాను. మనియార్డరు ఫారాలు నింపి నింపి నా దస్తూరి అచ్చులా ఉంటుందని మా పోస్టుమాస్టరు అంటుండేవారు, అది కూడా చెప్పాను. ఆవిడ సరేనంది. ఆస్తీ, ఉద్యోగమూ, ఎత్తూ ఇవేవీ కాకుండా దస్తూరి చూసి నన్ను చేసుకుందని పెళ్ళయిన నెలకి గానీ తెలియలేదు. పెట్టె అడుగున మూడు డ్రాయింగు పుస్తకాల నిండా బొమ్మల కథలున్నాయి. గళ్ళు గీసి, గడికో బొమ్మ వేసి, మనుషుల నోటి దగ్గర మాటల కోసం గుండ్రాలు గీసి ఉంచింది. ఆ గుండ్రాలన్నీ ఖాళీగా ఉన్నాయి.

"నా అక్షరాలు కోడిగీతలండి," అంది. "రాసే మనిషి కోసం ఆగాను."

అలా మా ఇద్దరి కాపురమూ, కార్ఖానా ఒకేసారి మొదలయ్యాయి.

విజయవాడ నుంచి వచ్చే 'చిత్రతరంగం' అనే వారపత్రికకి ఒక కథ పంపాం. ఎడిటరు పల్లంరాజుగారు కార్డు రాశారు. "బొమ్మలు బాగున్నాయి. కథ లేదు. దెయ్యం ఉంటే చూస్తాం."

హారతి రెండు రోజులు ఆలోచించి 'జామతోట దెయ్యం' అని మొదలుపెట్టింది. ఒక ఆసామి తోటలో జామచెట్టు మీద దెయ్యం కాపురముంటుంది, అదీ కథ. వారానికి రెండు పేజీలు. బొమ్మలు తనవి, అక్షరాలు నావి. మొదటి వారమే తగువొచ్చింది. దెయ్యం "నా తోటలో అడుగుపెట్టిన ప్రతివాడి నెత్తురూ తాగుతాను" అనాలి. హారతి ఇచ్చిన గుండ్రం నిమ్మకాయంత ఉంది. ఇందులో ఇన్ని మాటలు పట్టవంటే, పట్టేలా రాయమంది. పట్టేలా రాస్తే "తాగుతాను" ఒక్కటే పట్టింది. దెయ్యం ఏం తాగుతుందో వచ్చే వారమైనా తెలియజేయమని ఎడిటరుగారు కార్డు రాశారు.

కథ ఎలా ఉన్నా, దెయ్యం మొహం మాత్రం చూసినవాళ్ళు మర్చిపోయేలా లేదు. పొడుగాటి మనిషి, రూపాయి కాసంత బొట్టు, పక్కకి తిరిగిన ఒక పై పన్ను, ఎదుటివాడు అబద్ధం చెబుతున్నాడని ముందే తెలిసిపోయినట్టు చూసే కళ్ళు. ఆ మొహం ఎక్కడిదో నాకు తెలుసు. మామగారి నర్సరీలో మామిడి అంట్లు కట్టే పాపాయమ్మది. కడియం మొత్తం మీద ఆవిడ కట్టినంత శుభ్రంగా అంటు కట్టేవాళ్ళు లేరని పేరు. వంద కడితే తొంభై ఎనిమిది బతుకుతాయి. ఆ రెండూ ఎందుకు చచ్చాయో కూడా చెబుతుంది.

"ఆవిణ్ణి అడిగావా?" అన్నాను.

"ఆవిడకి చదువు రాదు కదండీ. పత్రిక ఎక్కడ చూస్తుంది?" అంది హారతి.

పాపాయమ్మ ఐదో వారానికే చూసింది. నర్సరీల దగ్గర బజ్జీల బండివాడు ఆ పేజీలోనే ఆవిడకి మిరపకాయ బజ్జీలు చుట్టి ఇచ్చాడు. మధ్యాహ్నం అన్నాలవేళ నూనె మరకల కాగితం పట్టుకుని మా ఇంటికొచ్చి, అరుగు మీద కూర్చుంది. ఆదివారం కాబట్టి నేనూ ఇంట్లోనే ఉన్నాను. తలుపు వెనక్కి జరిగాను.

"అమ్మాయిగారూ, ఇది నేనే కదండీ?"

"కాదు పాపాయమ్మా. ఊరికే ఏదో వేశాను," అంది హారతి.

"ఊరికే వేస్తే ఈ పన్ను ఎక్కణ్ణించి వచ్చిందండి?" అని నోరు తెరిచి చూపించింది.

హారతి కాగితం వంకా, నోటి వంకా చూసింది. పన్ను చాలా బాగా కుదిరింది. కాదనడానికి లేదు.

"దెయ్యాన్ని చేశారు, సరేనండి. ఎలాగూ మా వీధిలో నన్ను చూస్తే జడుసుకుంటారు. కానండి, పొద్దస్తమానం ఆ చెట్టెక్కి కూచుంటదేంటండి? దానికి పనీపాటా లేదాండి?"

"దెయ్యం కదా."

"అయితేనండి? చచ్చినంత మాత్రాన చేతిలో పని ఎక్కడికి పోద్దండి? పైగా దీని చేతిలో ఈ కత్తి చూడండి. ఇది వంకాయలు కోసే కత్తండి. అంటు కత్తి ఇలా పట్టుకుంటారాండి ఎవరైనా? ఇలా పట్టుకుంటే రెండో మొక్కకే బొటనవేలు తెగుద్దండి. ఇది చూసిన జనం పాపాయమ్మకి కత్తి పట్టడం రాదనుకోరాండి?"

నడుముకున్న కత్తి తీసి, పక్కనున్న కరివేపాకు కొమ్మ ఒకటి తుంచి, ఎలా పట్టుకోవాలో, ఎక్కడ ఏటవాలుగా కొయ్యాలో చూపించింది. హారతి పెన్సిలు తెచ్చుకుని అక్కడే కింద కూర్చుంది. గంటసేపు ఒకరు కోశారు, ఒకరు గీశారు. నేను తలుపు వెనక నుంచి వచ్చినా ఎవరూ పట్టించుకోలేదు.

వెళ్ళేముందు పాపాయమ్మ ఆ కాగితంలో కథంతా మాకే చెప్పింది. ఆవిడ దగ్గరున్నది ఒక్క పేజీ. అయినా ఆసామి పెళ్ళాం మీద అనుమానపడుతున్నాడనీ, పెళ్ళానికి దెయ్యమంటే భయం లేదనీ సరిగ్గా చెప్పింది. నేను గర్వంగా, అక్షరాలు కూడా చదివి వినిపించనా అన్నాను.

"ఎందుకండి పోస్టుబాబుగారూ, మొహాల్లో కనపడతానే ఉంది కదండీ," అంది.

ఆ పేజీలో అక్షరాలకి నాకు మూడు సాయంత్రాలు పట్టింది.

ఆ తర్వాతి వారం నుంచి దెయ్యం పనిలో దిగింది. అందరూ పడుకున్నాక చెట్టు దిగి, తోటలో పనికిరాని జామమొక్కలన్నిటికీ మంచి అంట్లు కట్టి, తెల్లవారేసరికి మళ్ళీ చెట్టెక్కేది. ఆసామి తోట కాసిందే కాపు. ఆయనకేమో దెయ్యాన్ని వదిలించాలని భయం, వదిలిపోతుందేమోనని ఇంకో భయం. పల్లంరాజుగారి కార్డు వచ్చింది. "దెయ్యం మొక్కలు కడుతోందేంటి? భయం బొత్తిగా తగ్గిపోయింది. సర్క్యులేషన్ పెరిగింది. కానివ్వండి."

కానిచ్చాం. ఆ సీరియలు ఏళ్ళ తరబడి నడిచింది. ప్రతి ఆదివారం పాపాయమ్మ వచ్చి, అచ్చయిన పేజీలు చూసి, తప్పులు చెప్పేది. తప్పులన్నీ మొక్కలవే. దెయ్యం గాల్లో ఎగిరినా, గోడలోంచి నడిచినా ఆవిడకి అభ్యంతరం లేదు. ఎండ నెత్తిన ఉండగా అంటు కట్టినట్టు వేస్తే మాత్రం ఊరుకోదు. పాఠకుల ఉత్తరాలు మా పోస్టాఫీసుకే వచ్చేవి. నేనే ముద్ర కొట్టి, నేనే ఇంటికి పట్టుకెళ్ళేవాణ్ణి. అన్నీ హారతి పేరు మీదే వచ్చేవి. ఒకే ఒక్కాయన, పాలకొల్లు నుంచి, అక్షరాలు ఎవరు రాస్తున్నారని అడిగాడు. సంతోషపడి చదివితే, కింద వరసలో "కళ్ళజోడు మార్చుకోమనండి" అని ఉంది.

ఒకసారి అమలాపురం నుంచి వచ్చిన మొక్కల వ్యాపారి, పాపాయమ్మని చూసి రెండడుగులు వెనక్కి వేసి, ఆ తర్వాత ఈవిడ కట్టిన అంట్లే కావాలని పట్టుబట్టాడు. మామగారు ఇలాంటి అవకాశం వదిలే మనిషి కాదు. 'జామతోట దెయ్యం వారి స్వహస్తాలతో కట్టిన అంట్లు ఇచ్చట లభించును' అని బోర్డు రాయించారు. ఆ బోర్డు నేనే రాశాను. పాపాయమ్మ దాని పక్కన నిలబడి ఫొటో తీయించుకుంది. నవ్వమంటే నవ్వలేదు. నవ్వితే గుర్తుపట్టరంది.

2003 వేసవిలో పల్లంరాజుగారి ఆఖరి కార్డు వచ్చింది. "పత్రిక ఆగిపోయింది. అందరూ టీవీలో సీరియళ్ళు చూస్తున్నారు. దెయ్యానికి మోక్షం ఇప్పించడానికి ఒక్క వారమైనా దొరకలేదు. క్షమించండి." ఆ కార్డు నేను రెండు రోజులు చొక్కా జేబులోనే ఉంచుకున్నాను. మూడో రోజు ఉతకడానికి నానబెట్టిన చొక్కాలో హారతికే దొరికింది. కార్డు ఆరబెట్టి దాచింది.

అదే నెలలో మామగారు రాజమండ్రి నుంచి ఫ్లెక్సీ బోర్డులు తెప్పించారు. పువ్వుల ఫొటోలు. ఎంతున్న పువ్వు అంతే. రేకు బోర్డులన్నీ తీసి కోళ్ళ గూటికి పైకప్పు వేశారు. అంటే ఒక్క నెలలోనే హారతికి రెండు పనులూ పోయాయి.

ఆ వేసవి మా ఇంట్లో ఆవకాయ తప్ప ఇంకేం జరగలేదు. మా ఇద్దరికీ నాలుగేళ్ళకి సరిపడా ఆవకాయ పెట్టింది. మాగాయ పెట్టింది. ఆ పైన అప్పడాలు మొదలుపెట్టింది. నేను ఓదార్చాలని, స్కూళ్ళకి చార్టులు వెయ్యరాదా, దేశ నాయకులవి, శరీర భాగాలవి అన్నాను. ఆవిడ అప్పడం ఒత్తుతూ నా వంక చూసింది. నేను ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు.

ఆదివారం అలవాటు ప్రకారం పాపాయమ్మ వచ్చింది.

"మనం ఏమయ్యామండి ఈ వారం?" అంది. తననీ దెయ్యాన్నీ కలిపి "మనం" అనడం ఆవిడకి ఎప్పుడో అలవాటైపోయింది.

"పత్రిక మూసేశారు పాపాయమ్మా. ఇంక రాదు."

పాపాయమ్మ కాసేపు ఎండిన అప్పడాలు తిరగేసింది. "పోనీలెండి. చచ్చాక చేసింది చాలాకాలం వేశారు. బతికుండగా చేసింది ఒకటుందండి. అది వెయ్యండి."

అలా చెప్పడం మొదలుపెట్టింది. 1975లో, ఆవిడకి పాతికేళ్ళప్పుడు, మామగారు జైపూర్‌కి నాలుగు వేల మామిడంట్లు పంపవలసి వచ్చింది. తొలకరి ఇక్కడ పడింది, అక్కడ పడలేదు. దారిలో నీళ్ళు పొయ్యడానికి మనిషి ఉండాలి. మగవాళ్ళెవరూ అంత దూరం రామంటే, కట్టిన చేత్తో నేనే పోస్తానని పాపాయమ్మ లారీ ఎక్కింది. ఆ ట్రిప్పుకి క్లీనరు లేడు. డ్రైవరు సత్తియ్య, ఆవిడ, నాలుగు వేల మొక్కలు. మధ్యప్రదేశ్‌లో ఊరూ పేరూ తెలియని చోట లారీ గోతిలో దిగి ఇరుసు విరిగింది. సత్తియ్యకి జొరం తగిలి లారీ కింద పడుకున్నాడు. లారీ కదిలేదాకా లేవలేదు. ఆవిడ నాలుగు వేల మొక్కల్నీ దింపి, చెట్ల నీడన పేర్చి, మైలు దూరంలో ఉన్న బావి నుంచి నీళ్ళు మోసింది. భాష రాదు. ఆ ఊరి ఆడవాళ్ళు మొదట వింతగా చూశారు, తర్వాత కుండలు పట్టుకొచ్చారు. బదులుగా వాళ్ళ పెరళ్ళలో ఉన్న పుల్ల మామిడి మొక్కలన్నిటికీ ఈవిడ మంచి అంట్లు కట్టింది. పన్నెండు రోజులు. ఇరుసు బాగుచేయించుకుని జైపూర్ చేరేసరికి నలభై మొక్కలు పోయాయి, అంతే.

హారతి అప్పడాల కర్ర పక్కన పెట్టి, చేతులు కడుక్కుని, కాగితాలు తెచ్చుకుంది. రెండు నెలల తర్వాత ఆవిడ నోట నవ్వు విన్నాను. మైలు దూరం నుంచి తెచ్చిన మొదటి కుండ నీళ్ళు, పాపాయమ్మ మొక్కలకి పొయ్యకుండా తనే తాగేసిందట. అక్కడ నవ్వింది.

అయితే చిక్కొచ్చింది. పాపాయమ్మ ప్రతిసారీ అన్నీ అలాగే చెప్పేది. బావి ఎటుంది, ఏ ఆడమనిషి ముక్కుకి ఏ వైపు పుడక ఉంది, ఏ రోజు దుమ్ము లేచింది, అన్నీ. సత్తియ్య దగ్గరికి వచ్చేసరికి మాత్రం "జొరం అండి" అని తేల్చేసేది. ఏ వైపు తల పెట్టుకుని పడుకున్నాడంటే ఒకసారి తూర్పంది, ఒకసారి పడమరంది. అన్నం ఎవరు పెట్టారంటే తినలేదంది.

"పన్నెండు రోజులు ఏమీ తినకుండానా?" అంది హారతి.

"జొరం కదండీ," అంది పాపాయమ్మ.

హారతికి మనిషి ఎలా పడుకున్నాడో తెలియకపోతే బొమ్మ రాదు. సత్తియ్యని వెతికి పట్టుకుందామంది. నిడదవోలులో రైలు గేటు పక్కన కొడుకు దగ్గర ఉంటున్నాడని తెలిసింది. నా స్కూటరు మీద వెళ్ళాం. గేటు పడి ఉంది. ఒక గూడ్సు, ఒక పాసింజరు వెళ్ళేదాకా ఆగి, ఇల్లు పట్టుకున్నాం. డెబ్భై దాటిన మనిషి, నులక మంచం మీద కూర్చుని చేపల వల అల్లుతున్నాడు. నర్సరీ చంద్రరావుగారి అమ్మాయినని హారతి చెప్పగానే లేచి నిలబడ్డాడు. జైపూర్ ట్రిప్పు అనగానే మళ్ళీ కూర్చున్నాడు.

"మీకు జ్వరం వచ్చినప్పుడు ఎటు తల పెట్టుకుని పడుకున్నారండి?" అని అడిగింది హారతి.

"ఏ జొరం అమ్మా?"

"లారీ కింద పన్నెండు రోజులు..."

"పన్నెండేంటమ్మా, నేనున్నది నాలుగే."

ఆ మాట అన్నాక ఆయన వల పక్కన పెట్టాడు. జరిగింది చెప్పాడు. గోతిలో దించింది తనే. కునుకు పట్టింది. ఇరుసు విరిగిందని చూడగానే యజమాని, పోలీసులు, జైలు అన్నీ కళ్ళ ముందు కనబడ్డాయి. నీళ్ళు తెస్తానని పాపాయమ్మతో చెప్పి, చెప్పులు కూడా వేసుకోకుండా నడిచి, రైలెక్కి నాగపూర్ వెళ్ళిపోయాడు. ఎనిమిది రోజులు అక్కడ ఒక హోటల్లో గిన్నెలు కడిగాడు. తొమ్మిదో రోజు ఉండబట్టలేక, లారీ ఉందో లేదో చూద్దామని తిరిగొచ్చాడు. లారీ ఉంది. మొక్కలు పచ్చగా ఉన్నాయి. పాపాయమ్మ చుట్టూ ఊరి ఆడవాళ్ళు కూర్చుని ఉన్నారు.

"ఏమందండి మిమ్మల్ని చూసి?"

"'నీళ్ళు తెచ్చావా?' అందండి. అంతే. ఇంక ఆ సంగతి ఎత్తలేదు. ఇంటికొచ్చాక ఆలస్యమెందుకైందని అడిగితే, డ్రైవరుగారికి జొరం అని ఆవిడే చెప్పిందండి. నాకప్పుడు ముగ్గురు పిల్లలు. నిజం చెప్పుంటే స్టీరింగు మళ్ళీ పట్టనిచ్చేవారు కాదు. ఆయ్. ఆ మొహం ఎదట మళ్ళీ నిలబడలేదండి నేను. మీరు నన్ను పారిపోయినట్టే వెయ్యండమ్మా. అందరూ చూడాలి."

మర్నాడు హారతి పాపాయమ్మతో మెల్లిగా చెప్పింది, సత్తియ్యగారు అంతా చెప్పారని.

పాపాయమ్మ చేతిలో అంటుకి పట్టీ చుట్టడం ఆపలేదు. "ముసలాయనకి మతి పోయిందండి. జొరమే."

"ఆయనే వెయ్యమన్నారు పాపాయమ్మా, పారిపోయినట్టు."

"కథ ఎవరిదండి? నాదా, ఆయనదా? నా కథలో ఆయనకి జొరం."

హారతి నెల రోజులు ఆ ఒక్క పేజీ దగ్గర ఆగిపోయింది. జ్వరం వేస్తే అబద్ధం. పారిపోయినట్టు వేస్తే, ఇరవై ఎనిమిదేళ్ళు పాపాయమ్మ మోసినదాన్ని కింద పడేసినట్టు. నన్ను అడిగింది. నేను మాటల్లో సర్దుదామన్నాను. "అక్కడ సత్తియ్య కనబడలేదు" అని రాస్తే ఇద్దరికీ సరిపోతుంది కదా అన్నాను. ఆవిడ లేచి లోపలికెళ్ళింది. సాయంత్రానికి పేజీ పట్టుకొచ్చింది. గోతిలో ఒరిగిన లారీ. దాని కింద చీకటి. ఆ చీకట్లోంచి బయటికి ఒక జత మగవాళ్ళ చెప్పులు మాత్రం కనబడుతున్నాయి. పక్కన నిలబడి పాపాయమ్మ ఆ చెప్పుల వంక చూస్తోంది. గుండ్రాలు లేవు. నాకు ఆ పేజీలో పని లేదు.

పాపాయమ్మ చూసి, "ఆ, లోపల పడుకున్నాడు," అంది.

నిడదవోలు వెళ్ళి చూపిస్తే సత్తియ్య, "ఆ, వదిలేసి పోయాను," అన్నాడు. ఆ కాగితాన్ని చాలాసేపు తిరిగి ఇవ్వలేదు.

నూట నలభై పేజీలు రెండేళ్ళకి పూర్తయ్యాయి. అచ్చు వేసేవాళ్ళు దొరకలేదు. రాజమండ్రిలో ఒక పుస్తకాల షాపాయన తిరగేసి, "పిల్లలకాండి, పెద్దలకాండి?" అన్నాడు. పెద్దలకే అంటే, "పెద్దలకి ఇన్ని బొమ్మలెందుకండి?" అన్నాడు. పిల్లలకి కూడా అంటే, "పిల్లల పుస్తకంలో దెయ్యంలాంటి ఈవిడెందుకండి?" అన్నాడు. చివరికి మామగారు ఆ ఏడు నర్సరీ కేటలాగు మానేసి దాని బదులు ఇది అచ్చు వేయించారు. వెనక అట్ట మీద మాత్రం మామిడి రకాల పట్టిక వెయ్యాలన్నారు. వేశాం. పుస్తకానికి పేరు 'పాపాయమ్మ పన్నెండు రోజులు'.

2005లో గోదావరి గట్టు దగ్గర ఒక గ్రంథాలయం హాల్లో ఆవిష్కరణ పెట్టాం. రిటైరైన తెలుగు లెక్చరరు సూర్యరాజుగారు ముఖ్య అతిథి. ఇది కావ్యమా, నాటకమా, నవలా అని ముప్పావుగంట విచారించి, ఏదీ కాదని తేల్చి, అయినా గొప్పదే అన్నారు. మామగారు ముందు వరసలో కూర్చుని, ఆయన మాట్లాడుతుండగా పుస్తకం చూస్తున్నారు. చెప్పుల పేజీ దగ్గర ఆగారు.

అప్పుడే వెనక వరసలోంచి సత్తియ్య లేచి వచ్చాడు. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా వేసుకున్నాడు. మైకు దగ్గరికి వెళ్ళి, రెండు చేతులూ జోడించి, "అందరికీ నమస్కారమండి. ఆ చెప్పులు నావండి. నేను లోపల లేనండి," అన్నాడు.

"ఉన్నాడండి," అంది స్టేజీ మీద కూర్చున్న పాపాయమ్మ. "జొరం ఆయనకి."

"లేదండి. పారిపోయానండి."

"జొరంలో ఏం చేశాడో ఆయనకి గుర్తులేదండి."

జనం నవ్వడం మొదలుపెట్టారు. సూర్యరాజుగారు ఇద్దరి మధ్యా నిలబడి ఎవరికి మైకు ఇవ్వాలో తెలియక తనే పట్టుకున్నారు. మామగారు లేచారు. "సత్తియ్యా, అప్పుడు నేను మీ ఇంటికి బత్తాయిలు పట్టుకొచ్చాను. నీరసంగా ఉంటావని."

"తిన్నానండి," అన్నాడు సత్తియ్య తల దించుకుని. "తీపిగా ఉన్నాయండి."

మామగారు ఏదో అనబోయి, హాలంతా నవ్వుతుంటే తనూ నవ్వేసి కూర్చున్నారు. పాపాయమ్మ మాత్రం నవ్వలేదు. తన పక్కనున్న ఖాళీ కుర్చీ ముందుకు జరిపి, "కూచోండి, కాళ్ళు నొప్పెడతాయి," అంది. ముప్పై ఏళ్ళ తర్వాత ఆ మనిషి ఆవిడ పక్కన కూర్చున్నాడు. ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో మైకు అందుకోలేదు.

పుస్తకాలు షాపుల్లో కంటే లారీల్లోనే ఎక్కువ తిరిగాయి. మామగారు మొక్కల లోడు వెళ్ళే ప్రతి లారీలో ఒకటి పెట్టించారు. డ్రైవర్లు ధాబాల దగ్గర చూసుకున్నారు, తెలుగు రానివాళ్ళకి కూడా చూపించారు. మా పోస్టాఫీసుకి హిందీలో, గుజరాతీలో, ఏ భాషో మేము పోల్చుకోలేని లిపుల్లో కార్డులొచ్చాయి. అక్షరాల గురించి ఎవరూ రాయలేదు. రాసినా నాకు తెలియదు.

రెండేళ్ళ తర్వాత హైదరాబాదు నుంచి ఒక ప్రచురణకర్త వచ్చి, పుస్తకం మళ్ళీ వేస్తామన్నాడు. అట్ట మీద 'గ్రాఫిక్ నవల' అని వేయాలన్నాడు. అంటే ఏంటండి అంది హారతి. ఆయన ఫ్రాన్సు, జపాను, అమెరికా అన్నీ కలిపి గంటసేపు చెప్పాడు. ఆయన వెళ్ళాక హారతి నాతో అంది, "మనం ఇన్నేళ్ళూ చేస్తున్నదానికి పేరుందంటండి." ఆవిడ గొంతులో కొంచెం గర్వం, కొంచెం అనుమానం ఉన్నాయి. వెనక అట్ట మీద మామిడి రకాల పట్టిక తీసేస్తామంటే మామగారు ఒప్పుకోలేదు. కొత్త ప్రతుల్లోనూ అలాగే ఉంది. పుస్తకం సమీక్షించిన ఒకాయన దాన్ని లోతైన ప్రతీక అని రాశాడు.

ఆ సంవత్సరం వానాకాలంలో ఒకరోజు నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి అరుగు మీద సత్తియ్య ఉన్నాడు. నిడదవోలు నుంచి రెండు బస్సులు మారి వచ్చాడు. గొడుగు మూల పెట్టి, కాళ్ళు ముడుచుకుని కూర్చున్నాడు. పాపాయమ్మ కూడా ఉంది, కాస్త ఎడంగా, వక్కలు కత్తిరిస్తూ.

"అమ్మా, ఆవిడ పన్నెండు రోజులూ వేశారు," అన్నాడు హారతితో. "నా ఎనిమిది రోజులు ఎవరికీ తెలియవండి. నాగపూర్లో. అవి కూడా వేస్తారాండి?"

హారతి పాపాయమ్మ వంక చూసింది.

"వెయ్యండి," అంది పాపాయమ్మ. "నేనూ వినలేదు."

హారతి కాగితం పరిచి, పెన్సిలు చెక్కుకుంది. నేను చెప్పులు విడిచి గుమ్మం దగ్గరే కూర్చున్నాను. సత్తియ్య గొంతు సవరించుకున్నాడు.

"మొదటి రోజు ఏడ్చానండి," అన్నాడు. "రెండో రోజు ఆకలేసిందండి."